గ్రిజెల్ టార్టాన్ ఉతికిన ఆదివారం

శనివారాల్లో ఎట్రిక్ ఏరు రంగురంగులుగా పారుతుంది. సొంత టార్టాన్, అంటే తమకంటూ ఎంచుకున్న రంగుల గళ్ల ఉన్ని గుడ్డ, నేయించుకున్నవాళ్లు తొలి ఉతుకు కోసం ఆనకట్ట కింద మెట్ల దగ్గరికి వచ్చేది ఆ రోజునే. ఎవరి గుడ్డ వాళ్లే ఉతుక్కోవాలి, అదీ ఏటి నీళ్లలోనే. మనవి కాని రంగులు ఆ ఉతుకులో దిగిపోతాయి, మనవైతే ఉంటాయి. ఇందులో వింతేముంది? వానలో నిలబడితే తడుస్తామని ఎవరైనా పనిగట్టుకుని చెబుతారా? ఆ ఊరివాళ్లకి ఇదీ అంతే. చేపల వేపుడు పొట్లం పట్టుకుని వంతెన మీద నిలబడి, "అదుగో, మళ్లీ ఎవడిదో ఎరుపు పోతోంది" అనుకుంటారు. ఎక్కువగా పోయేది ఎరుపే. మా తాతలు కత్తులు పట్టారని చెప్పుకుని ఎర్రగళ్లు వేయించుకునేవాళ్లకి లోకంలో కొదవేం లేదు. ఒకసారి ఎడిన్‌బరో నుంచి ఓ వకీలు అయిదు రంగులతో దిగాడు. నాలుగు రంగులు బాతుల పాలయ్యాయి. మిగిలిన మేజోళ్ల గోధుమరంగుతోనే కిల్టు, అదే మోకాళ్ల దాకా వచ్చే మగవాళ్ల లంగా, కుట్టించుకుని, పాపం, బుద్ధిగా వేసుకు తిరుగుతున్నాడు.

విల్మా మాత్రం శనివారాలు వంతెన మీద నిలబడదు. నిలబడే ఓపిక ఉంటే కదా.

ఆవిడ రోజు ఇలా ఉంటుంది. తెల్లారకముందే లేచి వంటింట్లో దీపం వేసి కెటిల్ పెడుతుంది. అత్తగారు గ్రిజెల్‌ని పక్కకి తిప్పి, వీపు తుడిచి, బట్టలు మార్చి, జావ తాగిస్తుంది. ఆ జావలో ఉప్పు ఎక్కువైందనో తక్కువైందనో నాలుగు మాటలు పడి, నీలం గౌను తొడుక్కుని మిల్లు బస్సెక్కుతుంది. మిల్లులో కిటికీ కింద వాలుబల్ల మీద గుడ్డ పరుచుకుని, తెగిన పోగులు వెతికి సూదితో రఫ్ఫు చేయడం ఆవిడ పని. సాయంత్రం వచ్చి పెరట్లో కేల్ ఆకుకూర మడికి నాలుగు చెంబులు పోసి, సూపు కాచి, మళ్లీ అత్తగారిని తిప్పుతుంది. ఆ తర్వాత కొట్టంలో మామగారి పాత మగ్గం ఎక్కుతుంది. యాభై దాటిన ఒళ్లు, హూనమైపోయింది. భుజాలు ఎప్పుడు నొప్పి పుట్టడం మానేశాయో, ఎప్పుడు మొదలెట్టాయో కూడా ఆవిడకి తేడా తెలియడం లేదు.

మగ్గం మీద ఉన్నది గ్రిజెల్ టార్టాన్.

గ్రిజెల్ వయసులో ఉన్నప్పుడు అదే మిల్లులో పడుగు తోడేది. ఊళ్లో ఉన్న పెద్ద ఇళ్లవాళ్ల గళ్లన్నీ ఆవిడ వేళ్ల మీదుగా పోయినవే. తనకంటూ మాత్రం ఒక గజం లేదు. తుంటి విరిగి వెనక కిటికీ పక్క మంచం పట్టాక ఆవిడకి ఆ కోరిక పుట్టింది. "నా శవపెట్టె మీద నా గుడ్డ పడాలి. ఎవరిదో పాత దుప్పటి కప్పి పంపితే లేచి కూర్చుంటా, చెబుతున్నా" అంది. అనడమంటే ఒకసారి కాదు. చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి.

కిందటి శరదృతువులో ఓ సాయంత్రం రంగులు ఎంచారు. మిల్లు నుంచి తెచ్చిన నూలు ముక్కలన్నీ విల్మా దుప్పటి మీద పరిచింది.

"ముందు పచ్చ" అంది గ్రిజెల్. "ఇది కాదే, ఇది బిలియర్డు బల్ల పచ్చ. మంచు పడ్డ పొద్దున మన కేల్ మడి ఉంటుందే, ఆ పచ్చ. అది వెడల్పుగా పడాలి."

"సరే. తర్వాత?"

"దాని పక్కన పసుపు, సన్నగా. పొద్దున్నే నా తలుపు కింద నుంచి గీతలా వస్తుంది చూడు, వంటింటి దీపం, ఆ పసుపు. కెటిల్ ఆవిరి ఉందే, ఆ బూడిదరంగు కొంచెం."

"బూడిదరంగు కావాలని అడిగినవాళ్లని మిమ్మల్నే చూశాను, అత్తయ్యా. కొండ, గద్ద, సింహం, ఇవీ జనం అడిగేవి."

"నా కిటికీలోకి సింహాలు రాలేదు మరి. ఇప్పుడు నీలం. అదుగో." గ్రిజెల్ గడ్డంతో తలుపు వైపు చూపించింది. కొక్కేనికి విల్మా మిల్లు గౌను వేలాడుతోంది.

"ఉతికి ఉతికి పాలిపోయింది కదండీ అది!"

"అందుకే దానికి దీటైన నీలం దొరకదు. వెతుకు."

అన్నీ అయ్యాక ముసలావిడ దుప్పటి అంచు వేళ్లతో మడిచింది, విప్పింది. "తిరుగు చార ఎరుపు" అంది చివరికి. "మన నినియన్ ఎరుపు. సన్నగా చాలు."

తిరుగు చారంటే టార్టాన్‌కి ప్రాణం. చారలన్నీ ఒక వరసలో ఆ చార దాకా నడుస్తాయి. అక్కడినుంచి వచ్చిన దారినే వెనక్కి తిరుగుతాయి, వీధి చివరిదాకా వెళ్లి ఇంటికి మళ్లిన మనిషిలాగా. మిగతా చారలు పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి పడతాయి. తిరుగు చార ఒక్కసారే పడాలి. పడుగులోనూ అంతే, పేకలోనూ అంతే.

నినియన్ గ్రిజెల్ కొడుకు, విల్మా మొగుడు. కొండల మీద సున్నం లేకుండా రాళ్లు పేర్చి గోడలు కట్టేవాడు. జూన్ పండక్కి ఊరంతా గుర్రాలెక్కి పొలిమేర చుట్టి వస్తుందే, ఆ రోజు మెడకి ఎర్ర రుమాలు కట్టుకుని ముందు వరసలో ఉండేవాడు. ఆరేళ్ల కిందట కడుతున్న గోడ పక్కనే కుప్పకూలాడు. ఆస్పత్రిలో విల్మా చెయ్యి పట్టుకుని, "అమ్మని చూసుకో" అన్నాడు. చూసుకుంటానంది. ఆ ఒక్క మాట మీదే ఇన్నాళ్లూ లేస్తోంది, పడుకుంటోంది.

మంచివాడే. తిట్టిన మనిషి కాదు, తాగి వచ్చిన మనిషి కాదు. కానీ కిందటి చలికాలం ఒకరోజు సూపులో ఉప్పు వేస్తూ వేస్తూ విల్మా ఆగిపోయింది. నినియన్ పాపిడి కుడివైపు తీసేవాడా, ఎడమవైపా? ఎంత గింజుకున్నా గుర్తు రాలేదు. గొంతు ఎలా ఉండేదో అదీ రాలేదు. సిగ్గుతో చచ్చిపోయింది. ఎవరికి చెబుతుంది? అత్తగారికా? ఆ రోజు సూపులో ఉప్పు రెండుసార్లు పడింది, దానికి తిట్లు వేరే.

అలాంటి రోజుల్లోనే పెగ్గీ ఫోన్ చేసింది. పెగ్గీ మిల్లులో ఒకప్పుడు విల్మా పక్క బల్ల మీద పనిచేసింది. మొగుడు పోయాక లూయిస్ దీవిలో పుట్టింటివాళ్ల భూమిలో షెడ్డు వేసుకుని సొంతంగా నేస్తోంది.

"రెండో మగ్గం ఖాళీగా ఉందే. నేసింది నేసినట్టు అమ్ముడవుతోంది. కిటికీ తీస్తే సముద్రం. వస్తావా, రావా?"

"అత్తయ్యని ఎక్కడ పెట్టను, నెత్తిన పెట్టుకు రానా?"

"ఆవిడ చెల్లెలు మైసీ లేదూ? గాలషీల్స్‌లో ఇల్లంతా ఖాళీగా పెట్టుకుని, అక్కని పంపమని బతిమాలుతోందని నువ్వే అన్నావుగా."

"మైసీ ఇల్లు క్యాబేజీ కంపు కొడుతుందట. పైగా ఆ చిలుక. అత్తయ్య ఛస్తే వెళ్లదు."

"ఆవిడ సంగతి కాదే నేనడిగేది, నీ సంగతి. నెలాఖరుదాకా ఆపుతాను. ఆ తర్వాత ఇన్వర్నెస్ పిల్ల ఒకతె అడుగుతోంది, దానికిచ్చేస్తా. తర్వాత నన్ననకు."

విల్మా ఫోన్ పెట్టేసి చాలాసేపు నడవలోనే కూర్చుంది. వెళ్లాలని ఉంది. ఎంత ఉందంటే, ఆకలిలాగా కడుపులో తెలుస్తోంది. కానీ చచ్చిపోతున్న మనిషికిచ్చిన మాట. ఆ మాట మీద నుంచి ఎలా దాటడం? దాటలేదు. కాబట్టి పెగ్గీకి రాననీ చెప్పలేదు, వస్తాననీ చెప్పలేదు. రోజూ కొట్టంలోకి వెళ్లి నేసింది. నెల కరిగిపోతూ వచ్చింది.

గుడ్డ మగ్గం దిగిన రోజు తెచ్చి మంచం మీద పరిచింది. గ్రిజెల్ కళ్లజోడు కూడా పెట్టుకోలేదు. వేలితో తడుముతూ పోయి ఒకచోట టక్కున ఆగింది.

"ఒసేయ్ విల్మా! తిరుగు చార రెండుసార్లు తిప్పావటే!"

విల్మా వంగి చూసింది. నిజమే. పోతూ ఒకసారి వేసింది, మళ్లీ వస్తూ ఇంకోసారి వేసింది. సన్నగా రావాల్సిన ఎరుపు రెండింతలు వెడల్పై కూర్చుంది. అదీ ఒకచోట కాదు, గుడ్డ పొడుగునా, అడ్డంగా, నిలువుగా. ఇది మొదటి ఏడాది పనిపిల్లలు చేసే తప్పు. నవ్వులాటకి మిల్లులో చెప్పుకునే తప్పు. విల్మా జీవితంలో ఎన్నడూ చేయలేదు.

"కళ్లు మూతలు పడుతుంటే నేశానండీ" అంది నీరసంగా. "విప్పనా?"

"ఏం విప్పుతావ్, నీ మొహం. విప్పి మళ్లీ నేసేసరికి నేనుంటానా? ఉండనీ. మావాడు ఒళ్లు చేశాడనుకుంటాలే." అలా అంటూ ఆ ఎరుపు మీద అరచెయ్యి పరిచి, విల్మా దీపం తీసుకువెళ్లేదాకా తీయలేదు.

తొలి ఉతుకు నెలలో ఆఖరి ఆదివారం అనుకున్నారు. మర్నాటికల్లా పెగ్గీకి జవాబు చెప్పాలి. గ్రిజెల్ ఏటి దాకా రాలేదు కాబట్టి ఏరే ఇంటికి రావాలి, ఇంట్లో ఉతుక్కి శనివారం పట్టింపూ లేదు. విల్మా బకెట్లతో మెట్ట ఎక్కుతూ దిగుతూ నీళ్లు మోసింది. మైసీ ఆదివారాలు కిస్మిస్ రొట్టె పట్టుకుని వస్తుంది, ఆ రోజూ వచ్చింది. వచ్చి కుర్చీలో చతికిలబడి చిలుక కబుర్లు మొదలెట్టింది.

"నిన్న మా చిలుక పాస్టరు గారిని పట్టుకుని 'నోర్మూసుకో' అందే అక్కా. పరువు పోయింది."

"దానికైనా బుద్ధుంది" అంది గ్రిజెల్. "విల్మా, తొట్టి ఇంకొంచెం ఇటు జరుపు."

పెద్ద తొట్టిని మంచానికి ఆనించి ముక్కాలిపీట మీద పెట్టింది విల్మా. సబ్బు తురిమింది. గుడ్డ మడతలు విప్పి నీళ్లలో ముంచి, అత్తగారి చంకల కింద దిండ్లు పెట్టి కూర్చోబెట్టింది. గ్రిజెల్ చొక్కా చేతులు పైకి మడుచుకుని అరచేతులు నీళ్లలో పెట్టింది. చాలాకాలం తర్వాత పనిలోకి దిగిన మనిషి మొహం పెట్టి, గుడ్డ పట్టుకుని రెండుసార్లు పిసికింది.

ముందు పచ్చ దిగింది. దిగడమంటే కొంచెం కాదు, కూర ఉడికిన నీళ్లలాగా తొట్టంతా పచ్చబడింది. దాని వెనకే పసుపు, బూడిద. ఆఖరికి ఆ నీలం, విల్మా మూడు మిల్లుల్లో వెతికి తెచ్చిన నీలం, అది కూడా. గ్రిజెల్ చేతులు ఆపేసింది. నీళ్లలో తేలుతున్న గుడ్డ తెల్లగా ఉంది, తెలుపు మీద వెడల్పాటి ఎర్రగళ్లు. ఎరుపు ఒక్కటే మిగిలింది. నినియన్ ఒక్కడే.

మైసీ రొట్టె నోట్లో పెట్టుకోబోతూ ఆగింది.

"ఇంతేనా?" అంది గ్రిజెల్ ఆఖరికి. గొంతులో ఎప్పుడూ ఉండే ఆ పదును లేదు. "ఎనభై ఏళ్లు బతికి, ఇంతేనా నాది?"

విల్మాకి జాలి వేయాలి. వేయలేదు. ఆవిడకి కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది, రెండూ కలిసి వచ్చాయి.

"చలికాలమంతా నేశానండీ! ఒళ్లు పడిపోతుంటే నేశాను. చేతులు కొంకర్లు పోతుంటే నేశాను. మీరు కేల్ మడి అంటే అదే పచ్చ తెచ్చాను. పాలిపోయిన నీలం కావాలంటే దాని కోసం బస్సులెక్కి తిరిగాను. ఇదా దానికి! నా వల్ల కాదు అత్తయ్యా. నేను అలిసిపోయాను. మీ గుడ్డతో, మీ జావతో, అన్నిటితో అలిసిపోయాను!"

ఇన్నేళ్లలో ఆ ఇంట్లో విల్మా గొంతు పెరగడం అదే మొదలు. అని, ఇంకేం చేయాలో తెలియక, చేసే పనే చేసింది. తడిగుడ్డ బరువు, ముసలావిడ ఎత్తలేదు. చేతులు తొట్టిలో ముంచి గుడ్డ పైకి లాగబోయింది.

ఏట్లో ఉతికితే ఇలా జరిగే అవకాశం లేదు. పోయిన రంగు పోయినట్టే ట్వీడ్ నదిలో కలిసి సముద్రం దారి పడుతుంది. ఇక్కడ తొట్టిలో నీళ్లు తొట్టిలోనే ఉన్నాయి. ఒకరి గుడ్డకి తొలి ఉతుకులో ఇంకొకరు చెయ్యి పెట్టడమూ ఎవరూ చూడలేదు.

విల్మా చేతులు తగలగానే పచ్చ గుడ్డలోకి ఎక్కింది. కేల్ మడి పచ్చ, చార చారగా, ఉండాల్సిన చోట ఉండాల్సినంత. పసుపు వెళ్లి దాని పక్కన సన్నగా నిలబడింది. బూడిద ఎక్కింది. నీలం ఎక్కింది. తొట్టి నీళ్లు తేటబడుతూ వచ్చాయి. విల్మా గుడ్డ వదిలేయబోయింది, వదల్లేకపోయింది. అలా చూస్తుండగానే ఎరుపు కరగడం మొదలైంది. తిరుగు చార మెల్లిగా గులాబీరంగుకి దిగి, ఆ తర్వాత అదీ పోయి, తెల్లబడింది. ఇప్పుడు నీళ్లలో ఉన్నది ఎరుపొక్కటే.

"అయ్యో" అంది విల్మా. "అయ్యో, అయ్యో. నేను కావాలని కాదండీ. నేను మర్చిపోవాలని మర్చిపోలేదు." ఏడుస్తూ గుడ్డని మళ్లీ నీళ్లలో ముంచింది. పిసికింది, రుద్దింది, ఎరుపు మీద అదిమింది. అది అంటలేదు. "పాపిడి ఎటు తీసేవాడో కూడా గుర్తులేదు నాకు" అనేసింది.

"ఎడమవైపు" అంది గ్రిజెల్.

ఆవిడ గుడ్డ కేసి చూస్తోంది. చాలాసేపు చూసింది. తర్వాత కిటికీ లోంచి కేల్ మడిని చూసింది, తలుపు మీద గౌనుని చూసింది, తలుపు కింది సందుని చూసింది.

"మడి వేసింది నువ్వు" అంది మెల్లిగా. "దీపం పెట్టేది నువ్వు. గౌను నీది. కెటిల్ నీది. ఈ మంచం మీద నుంచి చూస్తూ చూస్తూ అదంతా నా బతుకే అనుకున్నానే. ఎంత సిగ్గులేనిదాన్ని."

"అలా అనకండి అత్తయ్యా."

"ఊరుకో. అన్నీ నిన్ను చూసే చెప్పాను కాబట్టి అన్నీ నీకే అంటాయి. ఇంక రుద్దకు, గుడ్డ గట్టిపడిపోతుంది. తీసి అవతల ఆరేయ్." గ్రిజెల్ భుజం మీద నుంచి తన తెల్ల ఉన్ని శాలువా లాగింది. ఎప్పుడూ మీదే ఉండే పాతది, అంచులు చీకిపోయినది. దాన్ని తొట్టిలో వేసి రెండు చేతులతో ముంచింది. మొత్తం ఎరుపు ఆ శాలువా లాక్కుంది. నీళ్లు ఏట్లో నుంచి తెచ్చినప్పటిలాగే తేటగా అయ్యాయి.

"ఇదుగో, నా పెట్టె మీదికి ఇది చాలు" అంది గ్రిజెల్. పిండే శక్తి లేక శాలువాని తడితడిగానే ఒళ్లో పెట్టుకుంది. దుప్పటంతా తడిసింది. "వాడు నా దగ్గరున్నాడు. ఒక్కళ్లు మోస్తే చాలు, ఇద్దరెందుకు? నువ్వు ఆ పెగ్గీకి ఫోన్ చెయ్యి."

విల్మా చేతులు అలాగే ఆగిపోయాయి. "పెగ్గీ సంగతి మీకెలా..."

"విరిగింది తుంటి. చెవులు కాదు." ఆవిడ చెల్లెలి వైపు తిరిగింది. "మైసీ! నీ ఇంట్లో ఆ గది ఇంకా ఖాళీయేనా?"

మైసీ తుళ్లిపడింది. "ఎప్పుడూ ఖాళీయేగా అక్కా. ఇన్నేళ్లుగా చెబుతూనే ఉన్నాను."

"చిలుకని వంటింట్లో పెట్టు. క్యాబేజీ వండితే తలుపులు తియ్యి. అంతకుమించి నేనేమీ అడగను."

అడగనంటే నమ్మేవాళ్లెవరూ ఆ గదిలో లేరు. అయినా మైసీ కళ్లు తుడుచుకుంది.

విల్మా గుడ్డ పిండి పెరట్లోకి తీసుకెళ్లింది. తీగ మీద పరిచి చెక్క క్లిప్పులు పెట్టింది. గాలి ఆడించింది. పచ్చ, పసుపు, బూడిద, నీలం. అవి నడిచి నడిచి వెళ్లిన చోట వెడల్పాటి తెల్లచార. తప్పుగా రెండుసార్లు తిప్పింది కాబట్టి ఆ తెలుపు సన్నటి గీతలా లేదు, చెయ్యి పెడితే చెయ్యి పట్టేంత ఉంది. విల్మా నిజంగానే చెయ్యి పెట్టి చూసింది. చల్లగా, తడిగా ఉంది. బకెట్ బోర్లించి దాని మీద కూర్చుంది. నినియన్ కోసం ఏడ్చింది. ఆరేళ్లలో మాట కోసం కాకుండా మనిషి కోసం ఏడవడం ఇప్పటికి కుదిరింది.

"ఆ తెలుపులో ఇంకేదన్నా రంగు వేయాలా అత్తయ్యా?" అని కిటికీ లోంచి అడిగింది, మొహం కడుక్కున్నాక.

"ఖాళీగా ఉంచు. నీకేం తొందర?" అంది గ్రిజెల్. "ఈ టార్టాన్‌కి పేరు నమోదు చేయించేటప్పుడు మా ఇంటిపేరు పెట్టకు. మీ నాన్న పేరు పెట్టుకో."

విల్మా లోపలికొచ్చి నడవలో ఫోన్ తీసింది. అవతల గాలి హోరు వినిపించింది, దాని వెనక మగ్గం చప్పుడు. మగ్గం ఆగింది.

"చెప్పవే" అంది పెగ్గీ. "రేపు పొద్దున్నే ఆ ఇన్వర్నెస్ పిల్ల ఫోన్ చేస్తుంది. దానికి ఏం చెప్పమంటావ్?"

విల్మా తలుపు సందులోంచి చూసింది. ముసలావిడ తడి శాలువాని గుండెల మీదికి లాక్కుని, కళ్లు మూసుకుని, వింటోంది. విననట్టు నటించడం కూడా రాలేదు ఆవిడకి.

"వేరే మగ్గం చూసుకోమను" అంది విల్మా.

"ఫోన్ పెట్టి టీ పెట్టు మరి" అని గదిలోంచి కేక వచ్చింది. "ఇంకా వెళ్లిపోలేదుగా."